పాలారు సరిహద్దులో అయిదడుగుల గోడ, పన్నెండడుగుల గోడ: ఒక కేస్ స్టడీ

కుప్పం ప్రాంతం దాటి పాలారు తమిళనాడులోకి దిగే చోట, అవతలి పుల్లూరుకు దగ్గరలో ఒక చెక్‌డ్యాం ఉంది. 2016 దాకా దాని ఎత్తు 5 అడుగులు. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ దాన్ని 12 అడుగులకు లేపింది. తమిళనాడు సుప్రీంకోర్టుకెక్కింది. అప్పటికే ఇదే నది మీద గణేశపురం దగ్గర 0.6 టీఎంసీల జలాశయం కట్టాలన్న ప్రతిపాదన పైన 2006లో వేసిన దావా పెండింగులో ఉంది.

పాలారు కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, అక్కడ 93 కిలోమీటర్లు, చిత్తూరు జిల్లాలో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు పోయి వాయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం 348లో మన వంతు పదో భాగం కూడా లేదు. పైన కోలారు వైపు బేతమంగళ లాంటి పెద్ద చెరువులు నిండితే తప్ప మనకు ధార రాదు. మన వంకలు పారితే తప్ప వాణియంబాడికి ధార చేరదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇది ఇసుక మేట.

రెండు వైపులా వాదన గోడ ఎత్తు చుట్టూనే తిరిగింది. కంటికి కనిపించేది, టేపు పెట్టి కొలవగలిగేది గోడే కాబట్టి అలా జరగడం సహజం. కానీ ఏడాదికి కొన్ని వారాలే పారే నదిలో అసలు నిల్వ ఉండేది ఇసుకలో, చెరువుల్లో, బోర్ల కింద. ఆ మూడింటికీ ఉమ్మడి లెక్క లేకుండా గోడ అడుగుల మీద ఎన్నేళ్లు కొట్లాడినా ఎవరి బావిలోకీ నీళ్లు రావు.

గోడ లెక్క

ఏటి చెక్‌డ్యాం వెనక నీళ్లు చీలిక ఆకారంలో నిలుస్తాయి. గోడ దగ్గర పూర్తి లోతు, ఎగువకు పోయేకొద్దీ తగ్గుతూ సున్నా. ఉదాహరణకు ఏటి వెడల్పు 100 మీటర్లు, వాలు 300కి 1 అనుకుందాం. అయిదడుగుల గోడ అంటే 1.5 మీటర్లు. నీళ్లు 450 మీటర్ల దాకా వెనక్కి నిలుస్తాయి. నిల్వ: సగం × 1.5 × 450 × 100 = 33,750 ఘనపు మీటర్లు, అంటే సుమారు 1.2 మిలియన్ ఘనపుటడుగులు. పన్నెండడుగులు అంటే దాదాపు 3.6 మీటర్లు. నీళ్లు 1,080 మీటర్ల దాకా పోతాయి. నిల్వ 1,94,400 ఘనపు మీటర్లు, సుమారు 6.9 మిలియన్ ఘనపుటడుగులు. ఎత్తు రెండున్నర రెట్లు కూడా పెరగలేదు, నిల్వ మాత్రం దాదాపు ఆరు రెట్లయింది. నిల్వ ఎత్తు వర్గంతో పెరుగుతుంది మరి. దిగువవాళ్ల భయానికి ఇక్కడ నిజమైన ఆధారం ఉంది. దాన్ని కొట్టిపారేయడం సరికాదు.

ఇప్పుడు రెండో వైపు చూడాలి. అదే ఏటికి అడ్డంగా 80 మీటర్ల పొడవున్న కాజ్‌వే (వరదకు మునిగే రోడ్డు) మీద అర మీటరు లోతున నీళ్లు దాటుతున్నాయంటే ప్రవాహం సెకనుకు సుమారు 48 ఘనపు మీటర్లు, దాదాపు 1,700 క్యూసెక్కులు. ఆరు గంటలు పారితే 36 మిలియన్ ఘనపుటడుగులకు పైనే. ఇలాంటి ఏరు, అంటే ఒకసారి వచ్చే ప్రవాహం, వస్తే పన్నెండడుగుల డ్యాం కూడా గంటంపావులోపే నిండి పొర్లుతుంది. మిగిలిందంతా కిందికే. పెద్ద ఏరు వచ్చినప్పుడు చెక్‌డ్యాం ఎత్తు దిగువకు దాదాపు లెక్కలోకి రాదు.

చిన్న ఏటి సంగతి వేరు. అదే కాజ్‌వే మీద జానెడు కూడా లేకుండా 10 సెంటీమీటర్ల నీళ్లు దాటుతుంటే ప్రవాహం దాదాపు 150 క్యూసెక్కులు. ఆరు గంటల్లో వచ్చేది 3.3 మిలియన్ ఘనపుటడుగులు. అయిదడుగుల గోడ ఇందులో మూడో వంతు ఆపి మిగతాది వదులుతుంది. పన్నెండడుగుల గోడ మొత్తం మింగేస్తుంది, ఇంకా సగం ఖాళీగానే ఉంటుంది. కాబట్టి తగవు నిజానికి చిన్న ప్రవాహాల మీద. దిగువ ఇసుకను తడిపేది, ఊటబావులకు ప్రాణం పోసేది ఆ చిన్న ప్రవాహాలే. కోర్టు కాగితాల్లో ఏడాది మొత్తం మీద ఎన్ని టీఎంసీలు అన్న భాషే నడుస్తుంది. ఏడాది సగటులో ఈ నష్టం కనిపించదు.

దీనికి ఇంజనీరింగ్ పరిష్కారం చిన్నదే. గోడ అడుగున, ఇసుక మట్టానికి కొంచెం పైన రెండు మూడు తూములు పెట్టి, ఋతువులో మొదటి రెండు మూడు ప్రవాహాలకు వాటిని తెరిచి ఉంచాలి. ఆ తర్వాత మూసి నింపుకోవచ్చు. తూములుంటే మేట కూడా కొంత కొట్టుకుపోతుంది. లేకపోతే కొన్నేళ్లలోనే బురదతో గోడ అంచుదాకా పూడుతుంది, అప్పుడు ఎవరికీ పనికిరాదు. తలుపు ఎవరు తెరుస్తారు, ఏ తేదీన తెరుస్తారు, దిగువవాళ్లకు ఎలా తెలుస్తుంది అన్నవి రాసుకోవాలి. పాలారు మీద రెండు రాష్ట్రాలకూ కట్టుబాటుగా అలాంటి నిర్వహణ నియమావళి లేకపోవడమే ఈ కేసులో పెద్ద లోటు.

ఎత్తు పెంచడంలో ఇంకో ప్రమాదం ఉంది. నీటి ఒత్తిడి గోడను తిరగదోసే ప్రభావం (భ్రామకం) ఎత్తు ఘనంతో పెరుగుతుంది. 1.5 నుంచి 3.6 మీటర్లకు పోతే దాదాపు 14 రెట్లు. పాత పునాది మీదే కాంక్రీటు పోసి, దిగువ ఆప్రాన్ (నీళ్లు పడే చోటి గట్టి నేలకప్పు) పొడిగించకుండా, రెక్కగోడలను ఒడ్డులోపలికి దిగేయకుండా వదిలేస్తే ఏరు గోడను పడగొట్టనక్కర్లేదు. పక్కన మట్టి ఒడ్డును కోసుకుని చుట్టూ తిరిగి పోతుంది, గోడ ఒంటరిగా నిలబడి ఉంటుంది. పెద్ద వరదను అంచనా వేయడానికి మన వైపు వాడే రైవ్స్ సూత్రంలో తీరానికి 80 కిలోమీటర్లు దాటిన ప్రాంతాలకు గుణకం 8.5. 50 చదరపు కిలోమీటర్ల పరివాహకానికి ఇది సెకనుకు 115 ఘనపు మీటర్లు చెబుతుంది. ఎగువ చెరువు ఒకటి తెగితే ఈ అంకె చెల్లదు. 2021 నవంబరులో తిరుపతి పక్కన రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ ఊళ్లు ఖాళీ చేయించారు. గొలుసు చెరువులున్న ఏటిలో పెద్ద ఏరంటే వాన ఒక్కటే కాదని అప్పుడు అందరూ కళ్లారా చూశారు.

ఇసుక లెక్క

ఏటి ఇసుకలో అయిదో వంతు దాకా నీళ్లు వాడుకోదగ్గట్టు నిలుస్తాయి. 100 మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవు, 3 మీటర్ల లోతు ఇసుక అంటే 3 లక్షల ఘనపు మీటర్లు. అందులో నీళ్లు 60,000 ఘనపు మీటర్లు. పైన లెక్కవేసిన అయిదడుగుల చెక్‌డ్యాం నిల్వకు ఇది దాదాపు రెట్టింపు. ఎండకు ఆవిరి కావడం కూడా ఇసుక కింద చాలా తక్కువ. చెక్‌డ్యాంలో తేటగా నిలిచిన నీళ్లకు ఆ రక్షణ లేదు.

అంటే ఒక కిలోమీటరు పొడవున మూడు మీటర్ల ఇసుక లారీల్లో పోతే, రెండు అయిదడుగుల చెక్‌డ్యాంలు పడగొట్టినంత పని. పక్క రాష్ట్రం గోడ కడితే దావా వేస్తారు. ఇసుక ఏ ఒడ్డున పోయినా ఉమ్మడి నిల్వ పోయిందని ఎవరూ దావా వేయరు. నా దృష్టిలో ఈ నది పరిపాలనలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే.

సంస్థాగత కారణం స్పష్టంగానే ఉంది. నీళ్లు జలవనరుల శాఖవి, ఇసుక గనుల శాఖది, బోర్లు భూగర్భ జలశాఖ, రెవెన్యూలవి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, ఇసుకనూ బోర్లనూ కలిపి చూసే అధికారం ఇచ్చింది. కానీ ఇసుక తవ్వకానికి ఆధారమయ్యే జిల్లా సర్వే నివేదిక జిల్లా హద్దు దగ్గర ఆగిపోతుంది. అర కిలోమీటరు కింద అదే ఇసుక మేట ఇంకో రాష్ట్రం నివేదికలోకి వెళుతుంది. ఏటా ఎంత ఇసుక తిరిగి చేరిందో చెప్పే అధ్యయనం ఏరు మొత్తానికీ ఒక్కటే ఉంటే తప్ప అర్థం లేదు.

కొలత కష్టమేమీ కాదు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న వంతెనలు, కాజ్‌వేలు గుర్తుపెట్టుకోవాలి. వంతెన పిట్టగోడ మీద అయిదు చోట్ల పెయింటు గీత పెట్టి, బరువు కట్టిన టేపు ఇసుక మీదికి దించి, మే నెలలో ఒకసారి, ఈశాన్య ఋతుపవనాలు తగ్గాక జనవరిలో ఒకసారి లోతు రాయాలి. స్తంభాల పక్కన గుంట కోసుకుపోయి ఉంటుంది కాబట్టి కొలత రెండు స్తంభాల నడుమే తీయాలి. నాలుగైదేళ్లు రాస్తే ఏరు దిగుతోందా, నిలబడుతోందా అన్నది ఏ నిపుణుడూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఒప్పందం ఎక్కడ ఆగింది

1892 ఫిబ్రవరి 18న మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంలో 15 నదుల జాబితా ఉంది. పాలారు అందులో ఒకటి. ఆ నదుల మీద మైసూరు కొత్త జలాశయం కట్టాలంటే ముందుగా మద్రాసు సమ్మతి తీసుకోవాలి. దిగువన అప్పటికే సంక్రమించి వాడుకలో ఉన్న హక్కును కాపాడడానికి తప్ప మద్రాసు ఆ సమ్మతిని నిరాకరించకూడదు. ఈ రెండో సగం చర్చల్లో తరచూ మరుగునపడుతుంది. అది దిగువవాడికి వీటో ఇచ్చిన ఒప్పందం కాదు. ముందే చెప్పు, కీడు జరగదని చూపించు, కట్టుకో అన్న ఒప్పందం.

1892లో కుప్పమూ వాణియంబాడీ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీవే. ఇప్పుడు గొడవ జరుగుతున్న సరిహద్దు ఆనాడు రాష్ట్రాల సరిహద్దు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నది మధ్యలో కొత్త గీత పడింది, ఒప్పందం మాత్రం పాతదే. అది ఎవరికి ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్న అక్కడే మొదలైంది.

1956లో రెండు చట్టాలు వచ్చాయి. అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం తగవు పడ్డాక ట్రిబ్యునల్ వేస్తుంది. నదీ మండళ్ల చట్టం తగవు రాకముందే ఉమ్మడి మండలి పెట్టుకోమంటుంది. రెండో చట్టం కింద ఇప్పటిదాకా ఒక్క మండలీ రాలేదు. పాలారు లాంటి చిన్న నదికి కావలసింది ఆ రెండోదే. 1892 జాబితాలోనే ఉన్న పెన్నైయారు మీద మార్కండేయ ఉపనది ఆనకట్ట గురించి తమిళనాడు వేసిన దరఖాస్తును 2019 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసి, ట్రిబ్యునల్ అడగమంది. పాలారు దావాలకూ ఆ దారే ఎదురు కావచ్చు. ట్రిబ్యునల్ అంటే ఏళ్లు, దశాబ్దాలు. చెరువు ఆయకట్టు రైతు అంతకాలం ఆగలేడు.

2018 ఫిబ్రవరి 16 నాటి కావేరి తీర్పులో ఒక మేలైన సంగతి ఉంది. ట్రిబ్యునల్ పక్కనపెట్టిన భూగర్భ జలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోకి తెచ్చింది. తమిళనాడు డెల్టాలో 10 టీఎంసీల భూగర్భ జలం ఉందని గుర్తించి, ఆ మేరకు పంపకం సవరించింది. ఇసుక కింది నీళ్లూ నది నీళ్లే అని పాలారులో వాదించడానికి ఇప్పుడు గట్టి ఆధారం అదే.

పక్కనే నడుస్తున్న ఇంకో పద్ధతి

చెన్నైకి కృష్ణా నీళ్లు తీసుకెళ్లే తెలుగుగంగతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు చెన్నైకి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్ 18 ఒప్పందంలో 3 టీఎంసీలు ఆవిరికి తీసేసి సరిహద్దులో 12 టీఎంసీలు అప్పగించాలని రాసుకున్నారు: జూలై నుంచి అక్టోబరు దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4. కండలేరు జలాశయం నుంచి శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతాల మీదుగా 152 కిలోమీటర్ల కాలువ ఊత్తుకోట దగ్గర సరిహద్దులోని జీరో పాయింట్ చేరుతుంది. 1996లో మొదటిసారి నీళ్లు దాటాయి.

ఈ ఒప్పందం సాఫీగా నడిచిందని కాదు. చాలా ఏళ్లు 12 టీఎంసీలు చేరలేదు. కాలువ గట్టు వెంట మోటార్లు పడ్డాయి, లైనింగ్ పాడైంది, సత్యసాయి ట్రస్టు సొమ్ముతో మళ్లీ బాగుచేయాల్సి వచ్చింది. అయినా ఇంత ఇవ్వాలి, ఈ చోట కొలవాలి, ఈ నెలల్లో ఇవ్వాలి అన్న మూడూ కాగితం మీద ఉన్నాయి కాబట్టి లోటు వస్తే ఎంత లోటో రెండు వైపులా ఒకే అంకె చెప్పగలరు. పాలారులో ఆ కొలిచే చోటే లేదు.

అది పెట్టడానికి భారీ కేంద్రం అక్కర్లేదు. సరిహద్దుకు దగ్గరలో ఏరు తిన్నగా పారే చోట, దిగువన వెంటనే మలుపు లేని కాజ్‌వేను తీసుకోవాలి. పైఅంచు మట్టం సర్వే చేసి, రెండు ఒడ్లనూ అడుగులు, సెంటీమీటర్ల స్కేలు పెయింటు వేయాలి. ప్రవాహం = 1.7 × పొడవు × లోతు × లోతు వర్గమూలం (మీటర్లలో కొలిస్తే సెకనుకు ఘనపు మీటర్లలో వస్తుంది). లోతు పదిశాతం తప్పు చదివితే ప్రవాహం పదిహేను శాతం తప్పుతుంది. దిగువ నీటిమట్టం పైకి లేచి అంచును ముంచేస్తే ఈ సూత్రం చెల్లదు, ఆ గంటలను వేరే రంగులో రాసుకోవాలి. ఎగువన ఇసుక మేట వేస్తే అంచు మీద లోతు తప్పుగా కనిపిస్తుంది, ప్రతి ఏరు తర్వాత పార పట్టాల్సిందే.

రోజుకొకసారి ఉదయం ఎనిమిదికి చదివే అలవాటు ఇక్కడ పనికిరాదు. మన ఏరు రాత్రి రెండింటికి వచ్చి తెల్లారేసరికి మోకాలి లోతుకు తగ్గుతుంది. ఆటోమేటిక్ పరికరం పెట్టలేని చోట ఒక పాత ఉపాయం ఉంది. రెండంగుళాల జీఐ పైపుకు అడుగున చిల్లులు వేసి నిలబెట్టి, లోపల కర్ర పెట్టి, గుప్పెడు బెండు పొడి పోయాలి. నీళ్లు లేచినప్పుడు పొడి తేలి, దిగేటప్పుడు కర్రకు అంటుకుంటుంది. పొద్దున కర్ర తీస్తే రాత్రి ఏరు ఎంత ఎత్తుకు వచ్చిందో గీత కనబడుతుంది. రాసుకున్నాక కర్ర తుడవాలి. తుడవకపోతే తర్వాతి చిన్న ఏరు పాత గీత కింద దాగిపోతుంది. ఆ కర్రను రెండు రాష్ట్రాల మనుషులు కలిసి తీయడం ముఖ్యం. ఒకరే కొలిచిన అంకెను రెండోవారు ఏ సమావేశంలోనూ ఒప్పుకోరు.

కుశస్థలి నేర్పే సంగతి

చిత్తూరు, తిరుపతి వైపు తమిళనాడుతో పంచుకున్న నదుల్లో పాలారు కరువు తగవైతే కుశస్థలి, ఆరణి వరద తగవులు. 1960 ఏప్రిల్ 1 నాటి సరిహద్దు సవరణలో తిరుత్తణి వైపు మద్రాసుకు పోయింది, సత్యవేడు వైపు మనకొచ్చింది. ఫలితంగా కార్వేటినగరం మండలంలో ఉన్న కృష్ణాపురం జలాశయం గేట్లు మన చేతిలో, దాని కింద పళ్లిపట్టు కాజ్‌వేలు వాళ్ల చేతిలో మిగిలాయి. తమిళులు ఆ జలాశయాన్ని అమ్మపల్లి డ్యాం అంటారు. అక్కడ వదిలిన నీళ్లు చివరికి తమిళనాడులోని పూండి జలాశయం చేరతాయి. పిచ్చాటూరులో ఆరణియార్ పొర్లితే ఊత్తుకోటలో రోడ్డు మునుగుతుంది.

ఇక్కడ సమాచారం పోతుంది, అందులో సందేహం లేదు. జలవనరుల శాఖ నుంచి రెవెన్యూకు, అక్కడి నుంచి పక్క జిల్లాకు, తాలూకాకు, ఊరికి. తప్పెక్కడంటే సందేశం క్యూసెక్కుల్లో ఉంటుంది. మోటారు సైకిలు మీద కాజ్‌వే దాటబోయే మనిషికి రెండు వేల క్యూసెక్కులంటే ఏమర్థమవుతుంది? ప్రతి కాజ్‌వేకూ ఒక పట్టిక ముందే వేసి ఉంచాలి: ఇంత వదిలితే ఇక్కడ ఇంత లోతు, ఇన్ని గంటల తర్వాత. పది కిలోమీటర్ల దూరం సెకనుకు మీటరున్నర వేగంతో రెండు గంటల్లోపే చేరుతుంది, కాబట్టి గేటు ఎత్తాక పంపిన సందేశం ఆలస్యమైనట్టే. గేటుకు కింద కలిసే వంకల నీళ్లను కలపకపోతే పట్టిక తక్కువ చెబుతుంది. ప్రమాదం ఎప్పుడూ ఆ వైపే. రెండు భాషల్లో పెయింటు వేసిన ఒక రాయి, మోకాలి దగ్గర ఎర్ర గీత: దీనికయ్యే ఖర్చు ఒక సమీక్షా సమావేశం ఖర్చుకంటే తక్కువ.

వరద విషయంలో మొదలైన ఈ జిల్లా స్థాయి పలకరింపే పాలారుకు దారి. ముంపు దగ్గర రాజకీయం తక్కువ, అంకెలు ఇచ్చిపుచ్చుకోవడం తేలిక. అలవాటయ్యాక కరువు నెలల అంకెలూ అదే దారిలో నడుస్తాయి.

చెరువు మనుషులు

1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు ఈ లెక్కలో చేరాలి. 2024 డిసెంబరులో వాటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. చట్టం వాళ్లను తూము దాకా చూడమంది, మొరవ (నిండిన చెరువు పొర్లిపోయే అలుగు) తర్వాత ఏమవుతుందో చూడమనలేదు. కానీ పాలారులోకి దిగే ధార మొరవల నుంచే వస్తుంది. ఒక చెరువు మొరవ మీద అడుగు ఎత్తున ఇసుక మూటలు పెడితే, ఆయకట్టుకు ఒక తడి ఎక్కువ దొరకొచ్చు. కింది చెరువుకు ఆ ఏడు నీళ్లే రాకపోవచ్చు. పూర్వం దశబంధం ఇనాం భూమి అనుభవించినవాడు కట్ట చూసుకునేవాడు, నీళ్లు పంచే నీరుగంటి మొరవ మట్టం కాపాడేవాడు. ఆ ఏర్పాటు పోయింది, దాని పని మిగిలింది. సంఘం రిజిస్టరులో మొరవ ఏ తేదీన పారింది, ఎన్ని రోజులు పారింది, ఎంత మందాన పారింది అని ఒక్క వరుస చేరిస్తే, నది లెక్కకు అదే అసలు పునాది. స్ట్రేంజ్ పట్టికలు పెట్టి వాననుంచి దిగుబడి లెక్కకట్టేవాళ్లు పై చెరువులు ఆపుకున్న భాగం తీసేయడం మరిచిపోతే, లేని నీళ్లు కాగితం మీద కనిపిస్తాయి. ఆ కాగితం చూసే కొత్త చెక్‌డ్యాం మంజూరవుతుంది.

బయటి నుంచి వచ్చే నీళ్లు

ఈ పరీవాహకంలోకి ఇప్పుడు వేరే నీళ్లు వస్తున్నాయి. ఎగువన 2018 నుంచి బెంగళూరు శుద్ధిచేసిన మురుగునీళ్లు కేసీ వ్యాలీ పథకం కింద కోలారు చెరువులకు చేరుతున్నాయి. మన వైపు హంద్రీ-నీవా కుప్పం బ్రాంచి కాలువలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఇవి చెరువు నింపి, మొరవ దాటి, ఇసుకలో దిగి చివరికి పాలారే అవుతాయి. ఒకసారి కలిశాక ఏది కృష్ణ, ఏది బెంగళూరు, ఏది నంది కొండల వాన అని విడదీయలేం. ఎగువవారు మా పంపు నీళ్లు మావే అంటారు, దిగువవారు ఏట్లోకి వచ్చాక అందరివీ అంటారు. ఆ మాట పుట్టకముందే కుప్పం వైపు కాలువ చెరువులోకి దిగే ప్రతి తూము దగ్గరా ఒక మీటరు, ఆ చెరువు మొరవ దగ్గర ఒక స్కేలు బిగించాలి. నీటి గుణం పరీక్ష కూడా అక్కడే, మూడు నెలలకోసారి: ఉప్పుశాతం, నైట్రేటు, భార లోహాలు. ధార సన్నగా ఉన్న ఏట్లో వీటిని పలచబరచడానికి వేరే నీళ్లుండవు. మొదటి సంవత్సరం అంకెలు నీళ్లు స్థిరపడకముందే తీసిపెట్టుకోవాలి, తర్వాత వాటిని తిరిగి సంపాదించే మార్గం లేదు.